విశాఖలో లోకల్ హిస్టరీ ఇంటర్న్‌షిప్: పాత కాగితం నుంచి చిన్న పుస్తకం దాకా

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, డిగ్రీ పిల్లల నుంచి ఇవే ప్రశ్నలు. "సార్, మా వాళ్ళందరూ ఏదో ఒక కంపెనీ సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. మాకు చరిత్ర మీద ఇష్టం. పాత రికార్డులు దాచే ఆర్కైవ్స్‌లో ఇంటర్న్‌షిప్ చేయొచ్చా? ఎవరిని అడగాలి? చివర్లో పుస్తకం లాంటిది వేయొచ్చా?"

చేయొచ్చు, వేయొచ్చు కూడా. 32 పేజీల చిన్న పుస్తకం రెండు నెలల్లో వస్తుంది. కాకపోతే "విశాఖపట్నం చరిత్ర" అని పేరు పెట్టుకుని మొదలుపెడితే రెండేళ్ళయినా రాదు. విడివిడిగా ఒక్కొక్కరికి చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. నగరంలో ఉండి చదువుకునే విద్యార్థిని దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. అనకాపల్లి, భీమిలి వాళ్ళకీ పనికొస్తుంది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- కాలేజీ లెటర్‌హెడ్ మీద పరిచయ పత్రం, కనీసం ఐదు కాపీలు. ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర తప్పనిసరి.
- ఆధార్, కాలేజీ ఐడీ జిరాక్సులు, పాస్‌పోర్ట్ ఫోటోలు.
- పెన్సిళ్ళు, చెక్కుకునే మర. రికార్డుల గదిలో పెన్ను బయటికి తీయొద్దు.
- ఫ్లాష్ ఆపేసిన ఫోన్, పవర్ బ్యాంక్.
- పోస్టుకార్డు సైజు అట్టముక్కలు ఓ రెండొందలు. ఇవెందుకో ఏడో మెట్టులో చెప్తాను.
- మెత్తటి నూలు గుడ్డ. వైజాగ్ ఉక్కపోతలో చేతులు చెమటలు పడతాయి, తడి వేలు తగిలితే పాత సిరా అలుక్కుపోతుంది.
- కాలేజీ ఇచ్చిన లాగ్‌బుక్. ఏ రోజుది ఆ రోజే నింపండి. చివరి వారంలో కూర్చుని అరవై రోజులూ ఒకే పెన్నుతో నింపితే చూసేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

1. విషయాన్ని చిన్నది చేసుకోండి

ఒక వీధి, ఒక భవనం, ఒక సంఘటన, ఒక రిజిస్టరు. అంతకుమించి వద్దు. పాతనగరంలో కోట వీధి, సోల్జర్‌పేట, కురుపాం మార్కెట్, టర్నర్ సత్రం, టౌన్ హాల్, యూరోపియన్ల పాత సమాధులు ఉన్నాయి. ఒక్కోటీ ఒక్కో పుస్తకానికి సరిపోతుంది. సంఘటనలు కావాలంటే 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేసిన రోజు ఉంది, 1966 నాటి ఉక్కు ఉద్యమం ఉంది.

విషయం సరిపడా చిన్నదేనా అని చూసుకోవడానికి ఒక పరీక్ష పెట్టుకోండి. దాన్ని ఎక్కడ, ఎవరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా అనే మూడు ముక్కల్లో చెప్పగలగాలి. "1933 నుంచి 1947 దాకా హార్బర్ కూలీలు ఉన్న పేటలు" అంటే పని జరుగుతుంది. "విశాఖ పోర్టు ప్రాముఖ్యత" అంటే వ్యాసరచన పోటీ అవుతుంది.

మా వీధిలో ఏముంటుంది అనుకోకండి. మీకు తెలిసిన మనుషులు ఉన్నచోట సగం తలుపులు ముందే తెరుచుకుంటాయి. నన్నడిగితే మొదటిసారి చేసేవాళ్ళకి సొంత పేటను మించిన విషయం లేదు.

2. గైడు, అనుమతి, ఇంటర్న్‌షిప్ లెక్క

మన రాష్ట్రంలో డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్, రెండో ఏడాది తర్వాత షార్ట్ టర్మ్ ఇంటర్న్‌షిప్ ఉంటాయి. ఒక సెమిస్టర్ నిడివిది మరొకటి ఉంటుంది. పేట చరిత్ర సేకరణ మొదటిదానికి చక్కగా అతుకుతుంది. రికార్డుల పని రెండోదానికి పెట్టుకోండి.

మీరు చేరబోయే చోటు, అంటే లైబ్రరీ, మ్యూజియం, ప్రచురణ సంస్థ, ఏదైనా సరే, సర్టిఫికెట్ ఇస్తుందా, ఎవరి సంతకంతో ఇస్తుంది అన్నది మొదటి రోజే అడగండి. మొహమాటపడితే చివర్లో టెన్షన్ మీకే. "పని చేయించుకుంటాం, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అనే చోటికి వెళ్ళకండి.

అనుమతి పత్రంలో "పరిశోధన నిమిత్తం రికార్డులు చూడనివ్వగలరు" అని రాస్తే ఏ గుమాస్తా అయినా భయపడతాడు. ఏ రికార్డు, ఏ సంవత్సరాలది, చూస్తారా ఫోటో తీస్తారా, ఎన్ని రోజులు అన్నది నాలుగు లైన్లలో స్పష్టంగా రాయండి. వెళ్ళేది సోమవారం పొద్దున కాకుండా చూసుకోండి, ఆ రోజు ఆఫీసుల్లో ఎవరికీ తీరిక ఉండదు. కాదంటే వెంటనే సమాచార హక్కు దరఖాస్తు తీయకండి. అది చట్టం ఇచ్చిన హక్కే అయినా, మొదటి మాటగా వాడితే రికార్డు గది మనుషులు మీకు మళ్ళీ సాయం చేయరు. రెండు మూడు సార్లు వెళ్ళండి, మీ గైడుతో, అంటే కాలేజీలో మీ పని చూసే లెక్చరర్‌తో, ఫోన్ చేయించండి. అప్పటికీ కాకపోతేనే దరఖాస్తు.

3. అచ్చయినవి ముందు చదవండి

తిన్నగా రికార్డు గదికి పరుగెత్తడం అందరూ చేసే తప్పు. ఏం వెతకాలో తెలియకుండా కట్ట విప్పితే రోజంతా దుమ్మే మిగులుతుంది. మొదటి రెండు వారాలూ అచ్చు పుస్తకాలకే ఇవ్వండి.

ఈ జిల్లాకి రెండు పాత పుస్తకాలు పునాది. కార్మైకేల్ రాసిన జిల్లా మాన్యువల్ 1869లో వచ్చింది, ఫ్రాన్సిస్ రాసిన జిల్లా గెజిటీర్ 1907లో వచ్చింది. రెండూ జిల్లా వివరాలన్నీ ఒకచోట చేర్చిన సర్కారు పుస్తకాలు. రెండూ దొరల కళ్ళతో చూసినవే. పన్నులు, జమీందారులు, దొరల సమాధుల గురించి బాగా చెప్తాయి. మీ పేటలో కాపురమున్నవాళ్ళ గురించి ఒక్క ముక్కా ఉండకపోవచ్చు. ఆర్కైవ్.ఆర్గ్‌లో వెతకండి. వెతికేటప్పుడు ఇంగ్లిష్‌లో "వైజాగపటం" (Vizagapatam), "వాల్తేర్" (Waltair) అనే పాత స్పెల్లింగులు కొట్టాలి, ఇప్పటి స్పెల్లింగు కొడితే పాతవి రావు.

తెలుగు పత్రికల్లో ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక పాత సంచికలు స్కాన్ అయి ఉన్నాయి. శాసనాలు కావాలంటే సింహాచలం శాసనాలు సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ ఆరో సంపుటంలో ఉన్నాయి. నగరంలో ఆంధ్రా యూనివర్సిటీ వి.ఎస్. కృష్ణా లైబ్రరీ, ద్వారకానగర్‌లోని విశాఖ పబ్లిక్ లైబ్రరీ, బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం చూడండి. యూనివర్సిటీ చరిత్ర, పురావస్తు శాఖలో పాత థీసిస్‌లు అడగండి. మీ విషయం మీద ఎవరో ఒకరు ముప్పై ఏళ్ళ క్రితమే రాసి ఉంటారు. వాళ్ళు ఏ రికార్డులు చూశారో అడుగున ఇచ్చిన నోట్సులో దొరుకుతుంది.

4. మీ రికార్డు ఏ ఊళ్ళో ఉందో కనుక్కోండి

విశాఖ విషయంలో పిల్లలు చిక్కుపడేది ఇక్కడే. జిల్లా ఎన్నోసార్లు ముక్కలైంది. 1936లో జయపురం ప్రాంతం ఒరిస్సాకి పోయింది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వచ్చాయి. ఒకే ఊరికి 1930 నాటి కాగితం ఒక చోట, 1960ది ఇంకో చోట, 2023ది మరో కలెక్టరేట్‌లో ఉండటం మామూలే. అందుకని ముందు ఒక కాగితం మీద మీ ఊరు లేదా పేట ఏ ఏడాది ఏ జిల్లా, ఏ తాలూకా కింద ఉందో రాసుకోండి.

1953 అక్టోబర్ దాకా మనం మద్రాసు కింద ఉన్నాం. కాబట్టి పాత రెవెన్యూ, జిల్లా రికార్డులు కొంత చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో, కొంత హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కి చెన్నై ప్రయాణం అక్కర్లేని విషయం ఎంచుకోమనే నా సలహా. కేంద్ర ప్రభుత్వ ఫైళ్ళకైతే నేషనల్ ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే వెతకొచ్చు.

పల్లె మీద చేసేవాళ్ళకి ఇంకో మాట. ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం జమీందారీ. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సర్వేతోనే చాలా ఊళ్ళకి రైతు పేరుతో వివరమైన భూమి రికార్డు మొదలైంది. ఆ రికార్డునే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అంటారు, తహసీల్దార్ ఆఫీసులో ఆ పేరుతో అడగండి. అంతకు ముందుది ఉంటే జమీందారీ దివాణం కాగితాల్లో ఉండాలి.

సర్కారు రికార్డు దొరకలేదా? గుడి జమాఖర్చు పుస్తకం, చర్చి బాప్టిజం రిజిస్టరు, స్కూలు అడ్మిషన్ రిజిస్టరు, యూనియన్ ఆఫీసు మినిట్స్, పాత ఇంటి దస్తావేజులు, పెళ్ళి శుభలేఖలు. నిజానికి నాకు వీటి మీదే మోజు ఎక్కువ. హుద్‌హుద్ తుఫానప్పుడు, 2014లో, ఇళ్ళల్లో ఇలాంటివి చాలా తడిసిపోయాయి. ఉన్నవైనా ఫోటో తీసిపెట్టడం ఒక్కటే ఇంటర్న్‌షిప్‌గా చేసినా తప్పులేదు.

5. రికార్డు ముందు కూర్చున్నప్పుడు

చేతులు కడుక్కుని, తుడుచుకుని ముట్టుకోండి. గ్లవ్స్ అక్కర్లేదు, వాటితో పేజీ అంచు తెలియక చిరుగుతుంది. వేలు తడి చేసి పేజీ తిప్పడం, మడత పెట్టడం, సెల్లో టేపు అంటించడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఎర్రగుడ్డ మూట విప్పేముందు అది కట్టి ఉన్న తీరుని ఒక ఫోటో తీయండి, తిరిగి అలాగే కట్టాలి. కాగితాల వరస తప్పుగా ఉందనిపించినా మీరు సర్దకండి. ఆ వరసే ఒక్కోసారి సాక్ష్యం.

ఫోటో తీసేటప్పుడు ముందుగా అట్ట మీద ఉన్న పేరు, నంబరు తీయాలి. తర్వాత పేజీ మొత్తం, నాలుగు మూలలూ కనిపించేలా. ఆ తర్వాతే కావాల్సిన చోటు దగ్గరగా. చాలామంది నేరుగా కావాల్సిన నాలుగు లైన్లే తీసుకుంటారు. ఇంటికొచ్చాక అది ఏ పుస్తకంలోదో, ఏ పేజీదో తెలియదు. అలాంటి ఫోటో ఎంత అందంగా ఉన్నా పుస్తకంలో వాడుకోలేరు.

ఆ రాత్రే ఫైళ్ళకి పేర్లు పెట్టండి. ఆఫీసు, రిజిస్టరు, ఏడాది, పేజీ వరసలో పెడితే చాలు. ఫోన్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, డ్రైవ్‌లో ఒకటి, మూడు కాపీలు ఉండాలి.

సమాధి రాళ్ళు, శాసనాలు అయితే పొద్దున ఏడింటికో సాయంత్రం ఐదింటికో వెళ్ళండి. ఎండ ఏటవాలుగా పడితే అరిగిన అక్షరాలు నీడలో తేలతాయి. సుద్దముక్క రుద్దడం, పసుపు పూయడం రాయిని పాడుచేస్తాయి.

6. పాత రాత చదవడం

గొలుసుకట్టు రాత మొదటి రోజు ఎవరికీ అర్థం కాదు, కంగారుపడకండి. ఒకే గుమాస్తా రాసిన పది పేజీలు తీసుకోండి. మీకు ముందే తెలిసిన మాటలు, అంటే ఊరి పేరు, నెల, "రూపాయలు", "సంతకం" లాంటివి వెతికి, అతని "క", అతని "స" ఎలా ఉంటాయో ఒక కాగితం మీద దించుకోండి. మూడో నాలుగో రోజుకి చెయ్యి అలవాటవుతుంది. తెలియని అక్షరం దగ్గర ఊహించి రాయొద్దు, చుక్కలు పెట్టి వదిలేయండి. ఫోన్లోని ఓసీఆర్ (ఫోటోలోని అక్షరాల్ని టైపుగా మార్చేది) అచ్చు తెలుగుని బాగానే చదువుతుంది, చేతిరాతకి పనికిరాదు. ఏఐని అడిగితే చదవలేనిచోట కూడా తడుముకోకుండా ఏదో ఒకటి చెప్పేస్తుంది. అది మరీ ప్రమాదం.

తెలుగు అంకెల్లో ౨కీ ౩కీ, ౧కీ సున్నాకీ తేడా చేతిరాతలో పోతుంది. దీనికి ఒక మంచి తనిఖీ ఉంది. జమాఖర్చు పేజీ అడుగున మొత్తం ఉంటుంది కదా, మీరు చదివిన అంకెలు మీరే కూడి చూడండి. 1957లో నయా పైసలు రాకముందు లెక్క వేరు. 12 పైలు (ఇంగ్లిష్‌లో pie, పైస కాదు) ఒక అణా, 16 అణాలు ఒక రూపాయి. ఉదాహరణకి 14 రూపాయల 9 అణాల 6 పైలు, 7 రూపాయల 11 అణాల 8 పైలు కలిపితే 22 రూపాయల 5 అణాల 2 పైలు రావాలి. రాకపోతే మీరు ఎక్కడో ఒక అంకె తప్పు చదివారు. గుమాస్తానే తప్పు కూడి ఉండొచ్చు కూడా, కానీ ముందు మిమ్మల్ని మీరు అనుమానించండి.

తేదీలకి మూడు లెక్కలు గుర్తుంచుకోండి.

- ఫసలీకి (పాత రెవెన్యూ ఏడాది) 590 కలిపితే ఇంగ్లిష్ ఏడాది వస్తుంది. ఫసలీ 1312 అంటే 1902 జులై 1 నుంచి 1903 జూన్ 30 దాకా. ఒక్క ఏడాదిగా రాసేస్తే సగం సార్లు తప్పవుతుంది.
- శక సంవత్సరానికి 78 కలపాలి. సంవత్సరం చివరి నెలలైతే 79 వస్తుంది.
- తెలుగు సంవత్సరం పేరు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది. చిత్రభాను అంటే 1882, 1942, 2002లలో ఉగాదితో మొదలైన ఏడాది, ఏదైనా కావచ్చు. కాగితం, సిరా, అందులోని మనుషుల పేర్లు చూసి తేల్చుకోండి.

7. ఒక్కో సంగతికి ఒక్కో చీటీ

ఆ అట్టముక్కలు ఇందుకే. ఒక చీటీ మీద ఒకే సంగతి రాయాలి. కింద అది ఎక్కడ దొరికింది, పేజీ ఎంత, మీరు చూసిన తేదీ. వెనక వైపు మీ అనుమానం. ముందు వైపు ఉన్నది రికార్డు మాట, వెనక ఉన్నది మీ మాట. రెండూ కలవకూడదు. ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ చేసుకున్నా ఇదే పద్ధతి.

ఇప్పుడు సరిచూడటం. ఇక్కడ తొందరపడితే పుస్తకం మొత్తం నమ్మకం పోతుంది. విశాఖ పోర్టు ఎప్పుడు మొదలైంది? ఒక చోట 1933 అక్టోబర్ 7 అని ఉంటుంది, ఇంకోచోట 1933 డిసెంబర్ 19 అని ఉంటుంది. ఏదో ఒకటి తప్పనుకుని కొట్టేయకండి. మొదటిది జలదుర్గ అనే ఓడ హార్బర్లోకి వచ్చిన రోజు, రెండోది వైస్రాయ్ విల్లింగ్డన్ వచ్చి లాంఛనంగా ప్రారంభించిన రోజు. రెండు తేదీలు కలవనప్పుడు "ఏది నిజం" అని అడిగే ముందు "ఏ పనికి ఏ తేదీ" అని అడగండి. చాలా తగాదాలు అక్కడే తేలిపోతాయి.

అలాగే "1926లో వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీ పెట్టారు" అని దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు రాస్తారు. 1926లో పెట్టింది బెజవాడలో. వాల్తేరుకి వచ్చింది 1930లో. ఏడాది ఒక చీటీలోంచి, ఊరు ఇంకో చీటీలోంచి తెచ్చి ఒక వాక్యంలో అతికిస్తే ఇలాగే అవుతుంది.

8. పెద్దవాళ్ళతో మాట్లాడటం

కనీసం రికార్డులు సగం చూశాక వెళ్ళండి, అప్పుడే అడగాల్సినవి తెలుస్తాయి. రికార్డింగ్ పెడుతున్నామని ముందే చెప్పి, సరే అన్నది కూడా రికార్డు చేయండి. పుస్తకంలో పేరు వేయొచ్చా అని విడిగా అడగండి.

"తాతగారూ, అది ఏ సంవత్సరం?" అంటే ఎవరికీ గుర్తుండదు. "ఉక్కు గొడవలకి ముందా తర్వాతా? అప్పటికి మీకు పెళ్ళయిందా? కాల్‌టెక్స్ వచ్చేసిందా?" అని అడగండి. 1942 బాంబులు, 1957లో కాల్‌టెక్స్ రిఫైనరీ, 1966 ఉక్కు ఉద్యమం, 1997 రిఫైనరీ మంటలు, 2014 హుద్‌హుద్. ఈ ఐదూ ఈ నగరంలో కాలాన్ని కట్టేసే గుంజలు. అవతలివాళ్ళు ఆగినప్పుడు మీరు మాట అందించకండి. మీరు అందించిన మాటే మర్నాడు వాళ్ళ జ్ఞాపకమైపోతుంది.

కులం పేర్లు, ఆస్తి తగాదాలు, ఎవరి ఇంటి గుట్టైనా వచ్చినప్పుడు రాసుకోండి గానీ అచ్చువేసే ముందు గైడుకి చూపించండి. బతికున్నవాళ్ళ భూమి పత్రాలు, ఫోన్ నంబర్లు పుస్తకంలోకి రాకూడదు.

9. రాయడం, అచ్చు

విషయం తెలియని స్నేహితుడికి చెప్పినట్టు రాయండి. "అనాది నుంచి", "ఘన చరిత్ర కలిగిన" అనే మాటలు కొట్టేస్తే పుస్తకం రెండు పేజీలు తగ్గుతుంది, నష్టమేమీ లేదు. ప్రతి పేరాకీ వెనక చీటీ ఉందో లేదో చూడండి. చీటీ లేని వాక్యాన్ని తీసేయండి, లేదా "పేటలో చెప్పుకునేది" అని స్పష్టంగా రాయండి.

పాత ఫోటో దొరికింది కదా అని వేసేయకండి. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్ళ దాకా కాపీరైట్ ఉంటుంది. ఇంట్లోవాళ్ళు ఇచ్చిన ఫోటోకైనా సంతకంతో అనుమతి తీసుకోండి.

సెంటర్ పిన్ కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి: 28, 32, 36. ముప్పై పేజీలు రాసుకెళ్తే రెండు ఖాళీ వస్తాయి. ఇక అసలు ప్రమాదం డీటీపీలో, అంటే కంప్యూటర్‌లో పేజీలు కట్టడంలో ఉంది. మీరు యూనికోడ్‌లో టైపు చేస్తారు, చాలా ప్రెస్సుల్లో ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్స్‌తో పేజీలు కడతారు. మార్చినప్పుడు కొన్ని ఒత్తులు ఎగిరిపోతాయి, తెలుగు అంకెలు గజిబిజి అవుతాయి. కాబట్టి వర్డ్‌లో ప్రూఫ్ చూసేశాం అనుకోవద్దు. పేజీలు కట్టాక ప్రింటు తీయించి, ఒకరు మూలం పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రింటు మీద వేలు పెట్టి చూడాలి. అంకెలు మాత్రమే చూడటానికి ఇంకోసారి కూర్చోండి. ఫోటోల కింద రాతలు, అట్ట మీద పేరు ఆఖర్న చూడండి. ఎక్కువ తప్పులు దొరికేది అక్కడే, అందరూ వదిలేసేదీ అక్కడే.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే నంబరు, మన దేశంలో ఉచితం, ప్రభుత్వ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. టైము పడుతుంది కాబట్టి రాయడం మొదలెట్టిన వారమే పెట్టేయండి. మధ్యవర్తికి డబ్బులు ఇవ్వొద్దు. అచ్చయిన 30 రోజుల్లోపు కలకత్తా నేషనల్ లైబ్రరీకి, చట్టం చెప్పిన మరో మూడు లైబ్రరీలకి ఒక్కో కాపీ పంపాల్సింది ప్రచురణకర్త. చెన్నై కన్నెమరా వాటిలో ఒకటి. అచ్చుకి డబ్బుల్లేకపోతే పీడీఎఫ్ చేసి ఆర్కైవ్.ఆర్గ్‌లో పెట్టినా ఇంటర్న్‌షిప్‌కి లోటు లేదు. కానీ పది కాపీలైనా జిరాక్స్ తీయించి బైండు చేయించండి.

ఆ పదిలో మొదటివి రికార్డు చూపించిన గుమాస్తాకి, మాట్లాడిన పెద్దవాళ్ళకి. ఒకటి పబ్లిక్ లైబ్రరీకి, ఒకటి మీ కాలేజీ డిపార్ట్‌మెంట్‌కి. డిపార్ట్‌మెంట్ కాపీతో పాటు చీటీలు, ఫోటోల పెన్‌డ్రైవ్ కూడా ఒక అట్టపెట్టెలో పెట్టి, పైన విషయం, ఏడాది రాసి ఇవ్వండి. వచ్చే ఏడాది మీ జూనియర్ రెండో మెట్టు దగ్గర కాకుండా ఆరో మెట్టు దగ్గర మొదలుపెట్టుకుంటాడు.